పెనుకొండ నుంచి కొరియా దాకా

తళ్ళికోట యుద్ధం (1565) తర్వాత విజయనగర రాజధాని అయిన పెనుకొండ ఇప్పుడు కార్లకు పేరుపడింది. దక్షిణ కొరియా సంస్థ కియా ఇక్కడ కార్ల కర్మాగారం కోసం 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి సుమారు 110 కోట్ల డాలర్లు, సామర్థ్యం ఏటా 3 లక్షల కార్లు. తొలి మోడల్ సెల్టోస్ 2019లో విడుదలైంది. వెంటే విడిభాగాల సంస్థలు తరలివచ్చాయి, కొరియా వంటకాల హోటళ్లూ వెలిశాయి. కరువు సీమకు ఇది చిన్న మార్పు కాదు.

భారత్, దక్షిణ కొరియా స్నేహానికి పునాది పాతదే. కొరియా యుద్ధంలో భారత్ 1950లో 60వ పారా ఫీల్డ్ అంబులెన్స్‌ను పంపి క్షతగాత్రులకు వైద్యం అందించింది. దౌత్య సంబంధాలు 1973లో మొదలయ్యాయి.

ప్రజల మధ్య బంధానికి ఒక గాథ ఊతం. 13వ శతాబ్దపు కొరియా గ్రంథం ‘సామ్‌గుక్ యుసా’ ప్రకారం ‘అయుత’ రాకుమారి సముద్రం దాటి కొరియాకు వెళ్లి అక్కడి రాజు సురోను పెళ్లాడింది. అయుతే అయోధ్య అన్నది చరిత్రకారులు తేల్చిన విషయం కాదు. అయినా కొరియాలోని గిమ్‌హే, మన అయోధ్య సోదర నగరాలయ్యాయి.

ఇక వాణిజ్య బంధంలో పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడే చోటు ఒకటుంది: రెండు దేశాల సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం (సెపా)పై సంతకాలు 2009 ఆగస్టులో జరిగాయి, అమలు 2010 జనవరి 1 నుంచి.