గుండె బాగుంటే మెదడు బాగుంటుంది

మన శరీరం బరువులో మెదడు దాదాపు 2 శాతం ఉంటుంది. కానీ శరీరానికి అందే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతాన్ని అదే వాడుకుంటుంది. ఆ ఆక్సిజన్‌ను రక్తం ద్వారా మెదడుకు చేర్చేది గుండె. అందుకే గుండె జబ్బు ప్రభావం మెదడు మీద కూడా పడుతుంది.

ఎలాగో చూద్దాం. రక్తపోటు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే మెదడులోని సన్నని రక్తనాళాలు గట్టిపడి ఇరుకవుతాయి. రక్తం సరిగా అందక జ్ఞాపకశక్తి, ఆలోచన మందగిస్తాయి. గుండె లయ తప్పితే లోపల రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ వెళ్లి మెదడులోని నాళాన్ని మూసేస్తే పక్షవాతం వస్తుంది.

మరి దీన్ని ఆపగలమా? 2019లో అమెరికాలో వెలువడిన 'స్ప్రింట్ మైండ్' పరిశోధన ఆశ కలిగించింది. పై రక్తపోటును 140 లోపు కాక 120 లోపు ఉంచేలా చికిత్స ఇచ్చినవారిలో జ్ఞాపకశక్తి, ఆలోచనల తొలి లోపాలు తక్కువగా కనిపించాయి.

మన ఢిల్లీ ఎయిమ్స్‌లో 1994 ఆగస్టు 3న దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ రాజమండ్రిలో పుట్టినవారు. మెదడు పరిశోధనకు ఇక్కడికి దగ్గర్లోనే, మానేసర్‌లో, జాతీయ కేంద్రం ఉంది.

అమ్మానాన్నల బదిలీల వల్ల మనం తాతయ్య, అమ్మమ్మ, నానమ్మలకు దూరంగా ఉంటున్నాం. ఫోన్ చేసినప్పుడు "బీపీ చూపించుకున్నారా? మాత్రలు వేసుకుంటున్నారా?" అని తప్పక అడుగుదాం. మనమూ రోజూ ఒక గంట ఆడుకుందాం. చిప్స్, ఉప్పు తగ్గిద్దాం.