పిల్లలు మన దగ్గర దాచుకునే మాటలు

పిల్లల పెళ్లి గురించో, స్నేహాల గురించో దిగులుపడే తల్లిదండ్రులు ఎంతసేపు మాట్లాడినా చివరికి ఒక్క మాట దగ్గర ఆగుతారు. “మాకేం అభ్యంతరం లేదండీ, సమాజం ఒప్పుకోదు కదా!” అందులో అబద్ధమేమీ లేదు. చిన్నమ్మాయి సంబంధం చెడిపోతుందేమో, రేపు బంధువుల ఇంట్లో శుభకార్యానికి వెళితే తలెత్తుకోగలమో లేదో అన్న భయాలు నిజమైనవే. గోదావరి జిల్లాల్లో చుట్టరికాలు ఊరూరా అల్లుకుని ఉంటాయి. ఆచంటలో అనుకున్న మాట అమలాపురం చేరడానికి ఒక పూట చాలు. ఈ దిగులు మీ ఒక్కరిదే కాదు, మనందరిదీ.

అయితే మనం భయపడుతున్న ఆ సమాజం ఎలాంటిదో ఒకసారి నిదానంగా చూద్దాం. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సంస్థ 2019-20లో మన దేశంలో దాదాపు 30,000 మంది పెద్దవాళ్లను ఇంటింటికీ వెళ్లి అడిగింది. భర్త మాట భార్య వినాల్సిందేనని పదిమందిలో తొమ్మిదిమంది దాకా అన్నారు. ఆస్తిలో కొడుకుకీ కూతురికీ సమాన హక్కు ఉండాలని ఆరుగురికి పైగా అన్నారు. తమవాళ్లు వేరే కులంలో పెళ్లి చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమన్నవాళ్లూ ఇంచుమించు అంతమందే. ఇవి రెండు రకాల మనుషుల జవాబులని అనుకోవద్దు. ఇవన్నీ ఒకే మనిషిలోనూ ఉండగలిగే అభిప్రాయాలు.

మనమూ అంతే. అమ్మాయిని బీటెక్ చదివించాం, బెంగళూరులో ఉద్యోగానికి ఒంటరిగా పంపాం. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే చట్టం దేశమంతటికీ 2005లో వస్తే, మన రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకు 1985 నుంచే ఉంది. ఇన్ని విషయాల్లో ముందుకు నడిచినవాళ్లం పెళ్లి మాట వచ్చేసరికి తాతలనాటి గీత దగ్గర ఆగిపోతాం. ఆ గీత ఎక్కడుందో పిల్లలకు మనం కూర్చోబెట్టి చెప్పం. వాళ్లే చూసి తెలుసుకుంటారు.

ఎలా తెలుసుకుంటారంటే, ఒక గృహప్రవేశం అనుకుందాం. వచ్చిన ఆడవాళ్లకు పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క, తాంబూలం ఇస్తున్నారు. వరుసలో చివర కూర్చున్న పెద్దమ్మకు భర్త పోయి ఏడాదైంది. ఆమె దాకా వచ్చిన పళ్లెం ఆగకుండా పక్కావిడ దగ్గరికి వెళ్లిపోతుంది. పెద్దమ్మ కొంగు సర్దుకుని, ఫోన్ చూసుకుంటున్నట్టు తల వంచుకుంటుంది. ఇదంతా చూసిన తొమ్మిదేళ్ల పిల్ల “పెద్దమ్మకెందుకు ఇవ్వలేదమ్మా?” అని అడుగుతుంది. “ష్... ఇంటికెళ్లాక చెప్తా” అంటాం. ఇంటికెళ్లాక ఎవరమూ చెప్పం.

అదే పిల్ల కాస్త పెద్దయ్యాక పరీక్షలో కందుకూరి వీరేశలింగం గురించి రాసి మార్కులు తెచ్చుకుంటుంది. వితంతువుల పెళ్లికి చట్టం 1856లోనే వచ్చింది. రాజమహేంద్రవరంలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు డబ్బుతో ఆదుకున్నారు. డబ్బుంటే సరిపోలేదు. వెలివేస్తారన్న భయంతో వంటకీ నీళ్లకీ మనుషులు రాకపోతే, వీరేశలింగంగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వంట చేశారు. చట్టం వచ్చి పాతికేళ్లయినా ఇళ్ల తలుపులు తెరుచుకోలేదన్నమాట. ఆనాడు అడ్డుపడినవాళ్లందరూ రాతిగుండెవాళ్లని నేననుకోను. కూతురి బాధ చూసి రాత్రిళ్లు ఏడ్చిన తండ్రులు వాళ్లలోనూ ఉండే ఉంటారు. పొద్దున లేచి వాళ్లూ ‘నలుగురూ ఏమంటారో’ అనే అనుకున్నారు.

మళ్లీ మన పిల్ల దగ్గరికి వద్దాం. పుస్తకంలో ఒకటి, పేరంటంలో ఒకటి చూసిన ఆ పసిమనసు మనల్ని తప్పుపట్టదు. ఈ ఇంట్లో కొన్ని విషయాలు అడగకూడదని మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకుంటుంది. పక్కవీధి అమ్మాయి వేరే కులం అబ్బాయిని చేసుకున్న రోజు భోజనాల దగ్గర మనమన్న మాటలు, ‘అలాంటి పిల్ల పుట్టకపోయినా బాగుండును’ అన్న మాటతో సహా, తలెత్తకుండా అన్నం కలుపుకుంటూ వింటుంది. ఆమెకు ఇరవై నాలుగేళ్లు వచ్చాక రాత్రి ఫోన్ చేసి “తిన్నావా?” అంటే “తిన్నా” అంటుంది. చెప్పాలనుకున్న సంగతి గొంతు దాకా వచ్చి వెనక్కి పోతుంది. నాన్న ఏమంటారో ఆమెకు పదేళ్లుగా తెలుసు. మనమీద ప్రేమ లేక దాచడం లేదు. మన మొహంలో బాధ చూడలేక దాస్తోంది.

కుర్రకారంతా విశాల హృదయంతో ఉంటారు, పాతకాలపు పట్టుదలలు మనవే అనుకోవడానికీ లేదు. బైకు మీద కులం పేరు రాయించుకునే మగపిల్లల్ని మనం రోజూ చూస్తున్నాం. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో రేగిన గొడవలో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. కేసుల్లో ఇరుక్కున్నవాళ్లలో కుర్రవాళ్లు చాలామంది. మనం ఇంట్లో ఊరికే అనుకుని మరిచిపోయే మాటలను మగపిల్లవాడు మరిచిపోడు. “మనవాళ్లు”, “వాళ్లు” అన్న మాటలు చిన్నప్పటి నుంచీ విన్నవాడు వాటిని మనం ఊహించని చోటికి తీసుకెళతాడు. కూతురు చెప్పకుండా దాచుకున్నదీ, కొడుకు వీధిలో అరిచిందీ మన భోజనాల దగ్గర విన్న మాటల నుంచే.

ఇది వింటే మనసుకు కష్టంగా ఉంటుంది. కానీ చేయి దాటిపోయిందేమీ లేదు. పిల్లలు మన నుంచి పెద్ద ఆదర్శాలేమీ కోరరు. ఈసారి ఫంక్షన్‌లో పెద్దమ్మకు మన చేత్తో తాంబూలం ఇస్తే, వాళ్లు అదీ చూస్తారు. ఎవరింటి అమ్మాయి గురించైనా మాట వచ్చినప్పుడు “సుఖంగా ఉందిట కదా” అని ఊరుకుంటే, అదీ వింటారు.

ఇక అబ్బాయో అమ్మాయో ధైర్యం చేసి మనసులో మాట చెప్పిన రోజు. ఆ రోజు “నా శవం చూస్తావు” అన్న మాట మాత్రం నోట రానివ్వొద్దు. అది బాధలో వచ్చే మాటే. పిల్లలు దాన్ని నిజమని నమ్మి రాత్రంతా వణికిపోతారు. భయాన్ని సమాజం మీద పెట్టకుండా మనదిగానే చెబుదాం: “నాకు భయంగా ఉందమ్మా, నాలుగు రోజులు టైమివ్వు.” ఆ నాలుగు రోజుల్లో, మామూలు సంబంధం వస్తే ఏం కనుక్కుంటామో అవే కనుక్కుందాం. అబ్బాయి ఏం చేస్తాడు, కోపం వస్తే ఎలా ఉంటాడు, వాళ్లమ్మతో ఎలా మాట్లాడతాడు, మన పిల్ల ఉద్యోగం గురించి ఏమంటాడు. ఎంపిక పొరపాటని నిజంగా అనిపిస్తే, ఈ కారణాలు చూపించి చెప్పొచ్చు. అప్పుడు వింటారు. కులం ఒక్కటే కారణమైతే మన వాదన అక్కడితో సరి.

ఇద్దరు మేజర్లు ఇష్టపడి చేసుకునే పెళ్లికి కుటుంబం అనుమతి గానీ, కులపెద్దల అనుమతి గానీ అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018 మార్చిలో స్పష్టంగా చెప్పింది. మనం వద్దన్నా ఆ పెళ్లి ఆగాల్సిన పనిలేదు. ఆ సంగతి తెలిసీ పిల్లలు వచ్చి మన ముందు కూర్చున్నారంటే పెళ్లిలో మనం ఉండాలనే. సరేననుకున్నాక బంధువులకు మనమే ముందు ఫోన్ చేద్దాం, వేరేవాళ్ల ద్వారా తెలిసేదాకా ఆగొద్దు. మొదటి ఫోన్ పెద్దమ్మకు చేయండి.