ఏ బటన్లు పోయాయో ముందు రాసుకో

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య ఆశీస్సులు.

కలిగిరిలో రిపేరు షాపు తెరిచావని తెలిసి చాలా సంతోషించాను. మిక్సీలు, ఫ్యాన్లు ఎటూ వస్తాయి, ఇకమీద మైక్రోవేవ్ ఓవెన్లు కూడా వస్తాయి. “బటన్లు పనిచేయడం లేదు” అని ఎవరన్నా ఓవెన్ తెచ్చి బల్లమీద పెడితే, కీప్యాడ్ పోయిందని అక్కడికక్కడే తేల్చేయొద్దు నాయనా. ఎన్ని బటన్లు పోయాయన్నది కాదు, ఏవేవి పోయాయన్నదే అసలు ఆధారం. కవర్ విప్పకముందే ఒక్కో బటన్ నొక్కి, పలికినవీ పలకనివీ కాగితం మీద రాసుకో. లోపం ఎక్కడుందో చాలావరకు ఆ కాగితమే చెబుతుంది.

ఎట్లా చెబుతుందంటావా? కీప్యాడ్‌లో ఉండేది రెండు పలుచని ప్లాస్టిక్ పొరలు, వాటి మీద వెండి సిరాతోనో కార్బన్ సిరాతోనో అచ్చువేసిన గీతలు, మధ్యలో చిల్లులున్న ఇంకో పొర. వేలు పడితే పై గీత ఆ చిల్లులోంచి కింది గీతకు తగులుతుంది. అయితే 20 బటన్లకు 20 జతల గీతలు వేయరు. నుడికట్టు గళ్లలాగా అడ్డం 5, నిలువు 4 వేస్తే 9 గీతలతోనే పని జరిగిపోతుంది. ఆ తొమ్మిదీ రిబ్బన్ కేబుల్‌గా బోర్డు దాకా పోతాయి. బోర్డులోని చిప్పు వంతులవారీగా ఒక్కో గీతకూ సంకేతం పంపి, అది ఏ గీతలో తిరిగొచ్చిందో చూసి ఏ బటన్ నొక్కారో పట్టుకుంటుంది. కాబట్టి ఒక్క బటనే పోతే, నొక్కి నొక్కి ఆ గడి అరిగిందని అర్థం. నాలుగైదు ఒక్కసారే పోతే వాటి ఉమ్మడి గీత ఎక్కడో తెగింది. రిబ్బన్ మడతపడిన చోటూ, సాకెట్‌లో దూరే దాని కొసా ముందు చూడు. ఆ బటన్లు ముఖం మీద దూరదూరంగా ఉన్నాయని తికమకపడొద్దు, లోపల ఒకే గీత మీద ఉండొచ్చు. ఎవరూ నొక్కకుండానే కూతపెడుతుంటే ఏదో గడి అతుక్కుంది. వంటింటి ఆవిరీ, నూనె జిడ్డూ, తుడిచేటప్పుడు అంచుల్లోంచి దిగిన నీళ్లూ దీనికి మామూలు కారణాలు.

కీప్యాడ్‌తో నిమిత్తం లేని జబ్బులూ ఇదే వేషంలో వస్తాయి. అంకెలన్నీ పలికి స్టార్ట్ ఒక్కటే పలకకపోతే తలుపు స్విచ్చిల మీద అనుమానపడు. తలుపు మూసినట్టు బోర్డుకు తెలియకపోతే అది స్టార్ట్‌ను ఒప్పుకోదు. ఏదీ పలకకుండా తెరమీద తాళం గుర్తు ఉంటే అది చైల్డ్ లాక్. చాలా మోడళ్లలో స్టాప్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టుకుంటే పోతుంది, దానికి డబ్బు తీసుకోవద్దు. మన మెట్టలో కరెంటు హెచ్చుతగ్గులకు కీప్యాడ్ కాలిపోయిందని చెప్పేవాళ్లుంటారు. కీప్యాడ్‌లో నడిచేది బోర్డు పంపే కొద్ది వోల్టుల సంకేతమే, ఇంటి కరెంటు దాని దాకా రాదు. హెచ్చుతగ్గుల దెబ్బ ముందు పడేది బోర్డు మీద, ఫ్యూజు మీద. అప్పుడు తెరే వెలగదు.

ఇంత తతంగం ఎందుకు, కొత్త ప్యానెల్ వేసేస్తే పోలా అంటావేమో. ఊహ తప్పితే ఏమవుతుందో ఆలోచించు. ప్యానెల్ నెల్లూరు నుంచో చెన్నై నుంచో తెప్పించి బిగించాక కూడా స్టార్ట్ పలకకపోతే, ఖర్చు ఆ ఇంటివాళ్లది, మాట పోయేది నీది. ఏ బటన్ ఏ గీత మీదుందో చూపే సర్క్యూట్ పటం దొరకదే అన్నది ఇంకో అభ్యంతరం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, అక్కడ వెతుకు. దొరకకపోయినా పటం నువ్వే గీసుకోవచ్చు. రిబ్బన్ ఊడదీసి, ఒక బటన్ నొక్కిపట్టి, ఏ రెండు పిన్నుల మధ్య దారి ఏర్పడిందో మల్టీమీటర్‌తో చూడు. ఇక్కడొక జాగ్రత్త: బీప్ మీద పెట్టి కొలవొద్దు. చాలా మీటర్లు కొన్ని పదుల ఓమ్‌ల లోపైతేనే కూస్తాయి, కార్బన్ గీతల బటన్ బాగున్నా వంద ఓమ్‌లు దాటొచ్చు. ఓమ్‌ల మీదే పెట్టి, పక్క బటన్లతో పోల్చు. పక్కవన్నీ వంద దగ్గరుండి ఒకటి వేలల్లో చూపిస్తే దోషి అదే. అన్నీ సమంగా ఉంటే తప్పు కీప్యాడ్‌ది కాదు, బోర్డు వైపు తిరుగు.

కవర్ విప్పే సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్‌లో రెండు వేల వోల్టుల పైచిలుకు నిలిచి ఉండొచ్చు, అది ప్రాణం తీస్తుంది. దాన్ని ఖాళీ చేయడం తెలిసిన మేస్త్రీ పక్కన నిలబడి చేత్తో నేర్చుకున్నాకే ఓవెన్ విప్పు. కొలతలన్నీ ప్లగ్ తీసే చెయ్యి. దానంతటదే కూసే ఓవెన్‌లో రిబ్బన్ ఊడదీసి, కవర్ తిరిగి బిగించాకే కరెంటివ్వు. కూత ఆగితే లోపం కీప్యాడ్‌లో, ఆగకపోతే బోర్డులో. తలుపు స్విచ్చి దొరకలేదని వైరు కలిపి నడిపించమని ఎవరెంత బతిమాలినా వినొద్దు. తలుపు తీసినా ఓవెన్ ఆగకపోతే లోపలి మైక్రోవేవ్ తరంగాలు మనిషి ఒంటి మీదికే వస్తాయి.

ప్యానెల్ తెప్పించేటప్పుడు వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు మొత్తం, చివరి అక్షరాలతో సహా రాసి పంపు. వచ్చిన ముక్కకు రిబ్బన్ పిన్నులెన్నో పాతదానితో సరిచూశాకే జిగురు కాగితం ఊడదియ్యి. ఒకసారి అంటించాక వెనక్కి తీసుకోరు.

ఇట్లు,
మీ మామయ్య