సముద్రంలో వదిలిన పీపా గుడికి ఎలా చేరుతుంది?

ఈ వారం వీడియోలో జపాన్‌లోని కొతొహిరా షింతో ఆలయం గురించి చెప్పాను కదా. టైం సరిపోక వదిలేసిన ఒక ముఖ్యమైన విషయం ఇక్కడ రాస్తున్నాను.

ఈ గుడి షికోకు దీవిలో, కగావా ప్రాంతంలో, జోజు అనే కొండ మీద ఉంది. జోజు అంటే ఏనుగు తల. ప్రధాన ఆలయానికి 785 మెట్లు, పై గుడి దాకా వెళ్తే 1,368. గుడి కొండ మీదే ఉన్నా, నావికులకూ జాలర్లకూ ఇది తరతరాల దిక్కు. ప్రేమగా "కొంపిరా సాన్" అంటారు. సాన్ అంటే మన "గారు" లాంటిది. అక్కడి మండపంలో మొక్కుగా ఇచ్చిన ఓడల బొమ్మలు, ఫోటోలు కనిపిస్తాయి.

మరి ఓడ దిగి గుడికి రాలేనివాళ్ళు ఏం చేస్తారు? చిన్న చెక్క పీపాలో కానుక పెట్టి, ఆలయం పేరు రాసిన జెండా కట్టి, సముద్రంలో వదిలేస్తారు. దీని పేరు "నగాషి దారు". అది దొరికినవాళ్ళు సొంతం చేసుకోరు. వదిలినవాళ్ళ తరపున గుడికి చేరుస్తారు. అలా చేర్చినవాళ్ళకీ దైవానుగ్రహం దక్కుతుందని నమ్మకం. మనం తిరుమల వెళ్తున్నామని తెలిస్తే పక్కింటి పిన్నిగారు "నా ముడుపు కూడా హుండీలో వేసిరా నాన్నా" అంటారు చూడండి, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ ముడుపు ఎవరి చేతికి వెళ్తుందో ఇచ్చినవాళ్ళకి తెలియదు!

ఇప్పుడు నా తప్పు చెప్తాను. కొంపిరా అనే పేరు సంస్కృతంలోని "కుంభీర" నుంచి వచ్చింది. అంటే మొసలి. అది చదవగానే "జపాన్‌లో మన దేవుడు!" అని థంబ్‌నెయిల్ చేసేశాను. తర్వాత ఇంకాస్త చదివి తీసేశాను.

ఎందుకంటే, ఆ పేరు బౌద్ధంతో పాటు జపాన్ చేరింది. అక్కడి కొండ దేవతతో కలిసిపోయింది. 1868లో మెయిజీ ప్రభుత్వం షింతోనీ బౌద్ధాన్నీ విడదీయమని ఆదేశించాక, ఇది పూర్తిగా షింతో ఆలయం అయింది. ఇప్పుడక్కడ ప్రధాన దైవం ఒమొనొనుషి.

పేరు మన నేల మీద బయల్దేరిన మాట నిజమే. కానీ వందల ఏళ్ళు దాన్ని మోసి, తుఫానులో తలుచుకుని, ప్రాణాలు అప్పగించింది అక్కడి నావికులు. పీపా దొరికిన జాలరి "ఇది నాది" అనలేదు. మరి పేరు ఒకటి కనిపించగానే నేనెందుకు అన్నాను?

ఈసారి ఎవరైనా మీ చేతికి ముడుపు ఇస్తే, భద్రంగా చేర్చండి. అదీ పూజే.