గబ్బర్ సింగ్ - భ్రమరకీటన్యాయము

తాపీనదీతీరమున నున్న సూరత్ నగరము జరీకి పేరెన్నిక గన్నది. మన ధర్మవరము మగ్గములపై నేయు పట్టుచీరల యంచులలో మెరయు జరీలో చాలభాగము అక్కడినుండియే వచ్చును. తెలంగాణమునుండి నేతపని వెదకికొనుచు వెళ్లిన పద్మశాలి కుటుంబములు అనేకములు ఆ నగరమున స్థిరపడియున్నవి. ఆ జరీయే యింటిపేరుగా గల జరీవాలా కుటుంబమున 1938 జూలై 9వ తేదీని సూరత్‌లో హరిహర్ జేఠాలాల్ అను శిశువు జన్మించెను. లోకమాయనను సంజీవ్ కుమార్ అను నటునిగా నెరుగును. నేడు సూరత్‌లో ఆయన పేర నొక నాటకశాల కలదు. 1972లో వెలువడిన 'కోషిష్' చిత్రమున ఆయన చెవిటిమూగ పాత్రను ధరించి, కేవలము చేతులతో మాటలాడి, జాతీయ పురస్కారము నందెను. మూడేండ్ల తరువాత, 1975 ఆగస్టు 15వ తేదీని విడుదలయిన 'షోలే' చిత్రమున అదే నటుడు రెండు చేతులును లేని ఠాకూర్ బల్దేవ్ సింగుగా కనుపించెను.

ఆ చిత్రములో ఆయన మొదట కోరినది ఠాకూర్ పాత్ర కాదనియు, గబ్బర్ సింగ్ అను బందిపోటు పాత్ర తనకు లభించిన బాగుండునని తలచెననియు చిత్రనిర్మాణచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఇందు వింత లేదు. మన వీథినాటకములలోను హిరణ్యకశిపుని వేషమునకు గ్రామములోని మేటి నటుడే కావలెను. 'నర్తనశాల'లో కీచకునిగా ఎస్.వి. రంగారావును చూచినవారు అర్జునుని మరచినను ఆయనను మరువరు. దుష్టపాత్రకు గల యీ ఆకర్షణ విచారింపదగిన విషయము. చలనచిత్రములోని దొంగనుండి నేర్చుకొనవలసిన దేమున్నదని పెద్దలు కొందరు శంకింపవచ్చును. మన పురాణకర్తలు శిశుపాలుని, హిరణ్యకశిపుని, రావణుని కథలను అంత విపులముగా నేల చెప్పిరో ఆలోచించినచో ఆ శంక నిలువదు. సజ్జనుని గుణములు మన కెట్లుండవలెనో చెప్పును. దుష్టుని గుణములు మనలో నేమి దాగియున్నదో చూపును.

కథ సుప్రసిద్ధమే. ఠాకూర్ బల్దేవ్ సింగ్ పోలీసు అధికారిగా నుండగా గబ్బరును స్వహస్తములతో పట్టి, ఇవి చేతులు కావు, ఉరిత్రాళ్లని యర్థము వచ్చునట్లు పలికి, చెరసాలకు పంపును. గబ్బరు తప్పించుకొని వచ్చి ఠాకూరు కుటుంబమును, పసిబాలుడైన మనుమనితోసహా, కాల్చిచంపును. గుడికి వెళ్లియుండుటచే చిన్నకోడలు రాధ మాత్రము మిగులును. దుఃఖముతో ఆయుధము లేకుండనే పరుగెత్తిన ఠాకూరును బంధించి, గబ్బరు ఆ రెండు చేతులను నరికివేయును. అటుపిమ్మట ఠాకూరు జై, వీరూ అను ఇద్దరు చిల్లర నేరస్థులను కూలికి పిలిపించి, గబ్బరును సజీవునిగా తెచ్చి తన కప్పగింపవలెనని కోరును. బెంగుళూరు సమీపమున రామనగరము కొండలలో ఈ చిత్రమును తీసిరి. ఆ బండరాళ్ల గుట్టలు రాయలసీమవారికి స్వంత ఊరి పొలిమేరవలె కనుపించును.

గబ్బరు పాత్రలో రచయితలైన సలీమ్, జావేద్‌లు ఒక సూక్ష్మమును చక్కగా గ్రహించిరి. అతడు మొదటిసారి తెరపై కనుపించునపుడు తన యనుచరుని అడుగు ప్రశ్న ఏమనగా, సర్కారు తన తలకు ఎంత వెల కట్టినదని. ఏబదివేల రూపాయలని గుట్టమీదినుండి సాంబా బదులు చెప్పును. ఆ సంగతి గబ్బరుకు తెలియనిది కాదు. తెలిసినదానినే మరల మరల యితరుల నోట వినవలెను! తన విలువను తానెరుగనివాడు పరులు కట్టిన వెలతో తన్ను కొలుచుకొనును. ఆ వెల శత్రువు కట్టినదైనను అతనికి లోటు లేదు. అహంకారము యొక్క ఆకలి యిట్టిది. ఊరివారు తన్ను గూర్చి యేమనుకొనుచున్నారో దినమున కొకసారియైనను విచారించు గృహస్థుడును, తన ప్రవచనమునకు ఎందరు వచ్చిరో లెక్కించు పండితుడును ఆ గుట్టక్రింద గబ్బరు ప్రక్కనే నిలిచియున్నారు.

అతని రాజనీతి మరియొక వింత. గబ్బరు కోపమునుండి ఈ గ్రామములను కాపాడగలవా డొక్కడే యనియు, వాడు స్వయముగా గబ్బరే యనియు అతడు వాదించును. ఆ రక్షణకు బదులుగా తన మనుష్యులు కొంచెము ధాన్యము తీసికొన్నచో అది అన్యాయమా యని ప్రశ్నించును. ఇది నవ్వు పుట్టించు మాటయే కాని, భయముపై నిలిచిన ప్రతి పెత్తనమునకును మూలసూత్ర మిదియే. రోగము తానే, వైద్యుడును తానే. రామగఢ్ గ్రామమున గృహస్థులు, వ్యవసాయదారులు అనేకులు కలరు. ధాన్యమునకు వచ్చువారు ముగ్గురు. లెక్క చూచినచో గ్రామముదే బలము. ఆ బలమును గ్రామస్థులే భయరూపమున గబ్బరుకు అప్పుగా నిచ్చియున్నారు. అప్పిచ్చినవాడే అప్పుపడినవానివలె తలవంచి నిలుచుచున్నాడు.

ఆ ముగ్గురు అనుచరులు జై, వీరూల చేతిలో ఓడి రిక్తహస్తములతో తిరిగివచ్చిన ఘట్టము చిత్రమున కెల్ల ప్రసిద్ధము. తుపాకిలో ఆరు తూటాలు. ముగ్గురికి ఆరు తూటాలు అన్యాయమని తలచినవానివలె గబ్బరు మూడింటిని ఆకాశమునకు కాల్చి, చక్రమును త్రిప్పి, ఒక్కొక్కని తలకు గురిపెట్టి మీట నొక్కును. దైవవశమున మూడుసార్లును ఖాళీయే. గబ్బరు పకపక నవ్వును. అతడు నవ్వుటచే ఆ ముగ్గురును నవ్వుదురు, దళమంతయు నవ్వును. నవ్వు ఉచ్చస్థాయి నందిన క్షణమున ముగ్గురిని కాల్చివేయును. సామాన్యముగా ప్రేక్షకులు దీనిని క్రౌర్యమున కుదాహరణముగా చూతురు. అంతకంటె ముఖ్యమైన దొకటి యందు కలదు. విధి క్షమించినవారిని గబ్బరు క్షమింపలేడు. క్షమించిన మరుదినము దళములో నొక్కని కైనను భయము తగ్గును. భయము తగ్గినచో గబ్బరు లేడు. ఇతరుల భయమును తిని బ్రతుకువాడు ఆ యాహారము తప్పిపోవునేమో యను భయముతో అనుక్షణము బ్రతుకవలెను. ఆ కొండలలో మిక్కిలి భయపడుచున్నవా డతడే.

దేశము అతనిని చేరదీసిన విధము విచిత్రము. ఆ పాత్రను ధరించిన అంజద్ ఖాన్‌కు అది మొదటి పెద్దవేషము. చిత్రములోని సంభాషణలు గ్రామఫోను రికార్డులుగా వెలువడి వీథివీథిని మ్రోగెను. ఏడువు మానని పిల్లవానిని తన పేరు చెప్పి తల్లులు నిద్రపుచ్చుదురని చిత్రములో గబ్బరు గర్వించును. కొలదికాలములోనే అదే గబ్బరు వేషముతో అంజద్ ఖాన్ బ్రిటానియా గ్లూకోజ్ బిస్కత్తుల ప్రకటనలో నవ్వుచు నిలిచెను. తెలుగుదేశమున 2012లో ఒక కథానాయకుడే 'గబ్బర్ సింగ్' అను పేరు పెట్టుకొన్న పోలీసు అధికారిగా తెరపైకి వచ్చెను. దీనికై ఎవరిని నిందింపనక్కరలేదు. అయినను మనము భయపడువానినే మనము లోలోపల మెచ్చుకొనుచుందు మనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. భయమునకును భక్తికిని ఏకాగ్రత యను గుణము సమానమే. మనస్సు దేనిని వదలక పట్టుకొనునో దానివంక జరుగుచుండును.

గబ్బరుకు నిజమైన ప్రత్యుత్తరమిచ్చినవాడు చిత్రములో తుపాకి పట్టినవాడు కాడు, అంధుడైన యిమాము. ఎ.కె. హంగల్ ఆ పాత్రను ధరించెను. ఇమాము కుమారుడైన అహమదును గబ్బరు చంపించి గుఱ్ఱముపై శవమును ఊరికి పంపును. గ్రామస్థులు బెదరి, జై, వీరూలను వెడలగొట్టుటయే మేలని తలపోయుదురు. కన్నులు లేని వృద్ధుడు కుమారుని శవమును తడవిచూచిన చేతులతోనే నిలువబడి, ఊరికొరకు అర్పించుటకు తనకు మరికొందరు కుమారుల నేల యీయలేదని భగవంతుని అడుగుదునని చెప్పి, నమాజు వేళయైనదని మసీదువైపు నడచును. అతని మాటలలో గబ్బరు ప్రసక్తియే లేదు. గబ్బరు మహాశక్తి యంతయు ఆ వృద్ధుని ముంగిట నిష్ప్రయోజన మగుచున్నది. అతడు గబ్బరును ద్వేషించుటకు కూడ తీరిక లేనివాడు.

ఇట్టిది చిత్రములలోనే కాని లోకమున జరుగునా యని యడుగువారికి చంబల్ లోయ చరిత్ర బదులు చెప్పును. ఆ లోయలో 1950 దశాబ్దమున గబ్బర్ సింగ్ అను నిజమైన బందిపోటే యుండెను. చిత్రములోని పేరు అతనినుండి వచ్చినదే. 1960 మే నెలలో వినోబాభావే ఆ లోయలో కాలినడకను సంచరించునపుడు ఇరువదిమంది బందిపోట్లు వచ్చి తమ తుపాకులను ఆయన పాదములచెంత నుంచిరి. 1972 ఏప్రిల్‌లో మొరేనా జిల్లా జౌరా గ్రామమున మాధోసింగ్, మొహర్ సింగ్ మొదలగు పేరుమోసిన నాయకులు జయప్రకాశ్ నారాయణ్ సమక్షమున, గాంధీ చిత్రపటము ముందు ఆయుధములు విడిచిరి. వారి వెంట వందలకొలది జనులు లొంగిపోయిరి. ఇది 'షోలే' వెలువడుటకు మూడేండ్లకు ముందటి మాట. చట్టము వారిని విడువలేదు. న్యాయస్థానమునకు వెళ్లిరి, శిక్షలనుభవించిరి. కొందరు ముంగావలీలోని తెరచిన చెరసాలలో పొలముపనులు చేసిరి. వినోబా చేతిలోగాని జయప్రకాశ్ చేతిలోగాని ఆయుధము లేదు. వారి ముఖములలో ఆ బందిపోట్లకు తాము వెదకుచున్న భయము కనబడలేదు. ఉన్నవి లేనివి కలిపి చెప్పు కథలెన్ని యున్నను ఈ యొక్క విషయము మాత్రము నిశ్చయము.

ఇక ఠాకూరు సంగతి. పాఠమునకు ఆయువుపట్టు గబ్బరుకంటె ఆ సూరత్ నటుడు ధరించిన పాత్రలోనే యున్నది. మన శాస్త్రములలో భ్రమరకీటన్యాయమను నొక దృష్టాంతము చెప్పుదురు. మట్టిగూడు కట్టు కందిరీగ యొక పురుగును తెచ్చి గూటిలో బంధించుననియు, ఆ పురుగు భయముతో నిరంతరము కందిరీగనే ధ్యానించి తుదకు తానును కందిరీగయై యెగిరిపోవుననియు దాని తాత్పర్యము. ద్వేషముచేత తలచినను శిశుపాలుడు కృష్ణునిలో లీనమయ్యెనని భాగవతము చెప్పుట ఈ న్యాయమునకు అనుగుణమే. ప్రకృతిశాస్త్రజ్ఞులు మాత్రము వేరుమాట చెప్పుదురు. కందిరీగ పురుగును తెచ్చుట తన సంతానము కాహారముగానట. గూటినుండి వెలువడునది మారిన పురుగు కాదు, దానిని సజీవముగా తిని పెరిగిన కందిరీగ పిల్ల. ఉపమానమునకు ఇది భంగమని కొందరు తలపవచ్చును. ధ్యానించు వస్తువు భగవంతుడైనపుడు పాత కథయే చాలును. ధ్యానించునది పగయైనపుడు శాస్త్రజ్ఞుల కథయే సరిపోవును.

ఠాకూరు చేసినది అఖండధ్యానము. ప్రక్కగదిలో వితంతువైన కోడలు రాధ దీపములొక్కొక్కటిగా ఆర్పుచుండును. ఆమెకు మరల నొక జీవితము కల్పింపవచ్చునను తలపు అతనికి చాల ఆలస్యముగా వచ్చును. శాలువ క్రింద లేని చేతులనే అతడు దినమెల్ల మోయుచుండును. రాంలాల్‌చే తన పాదరక్షల అడుగున మేకులు కొట్టించును. ఒకనాడు నేరస్థుని పట్టి న్యాయస్థానమున కప్పగించిన అధికారి, నేడు నేరస్థుని తన కప్పగింపుమని కూలి నిచ్చి కోరుచున్నాడు. గబ్బరు నరికినవి చేతులు మాత్రమే. తక్కిన మనిషిని తినివేసినది గూటిలో పెట్టిన గ్రుడ్డు. ఠాకూరును నిందించుట సులభము కాదు. పసివాని శవముమీది గుడ్డను గాలి తొలగింపగా చూచినవాని ముందు నిలిచి శాంతిని బోధింప నెవరికి నోరాడును? అందుచేతనే ఈ కథ విలువైనది. న్యాయమైన కోపముకూడ మనిషిని తినగలదు. అన్యాయమైన కోపమునకంటె దానికి అడ్డులేదు, ఏలయన దానిని తప్పని చెప్పువారుండరు.

చిత్రమునకు రెండు ముగింపులు కలవు. మొదట తీసినదానిలో ఠాకూరు తన మేకుల పాదములతో గబ్బరును చంపును. 1975లో దేశమున అత్యవసరపరిస్థితి అమలులో నుండెను. పోలీసు అధికారిగా పనిచేసినవాడు చట్టమును స్వయముగా చేపట్టుటను సెన్సారువారు అంగీకరింపకపోవుటచే ఆ ఘట్టమును మార్చి తీసిరి. జనులు చూచిన చిత్రమున చివరిక్షణములో పోలీసులు వచ్చి, శిక్షించుట చట్టముయొక్క పనియని ఠాకూరును వారింతురు. అతడు ఎత్తిన పాదమును దింపును. చాలకాలము పరిమితముగా మాత్రమే తెలిసియున్న పూర్వపు ముగింపును, చిత్రమును పునరుద్ధరించి, 2025లో ఇటలీలోని బొలోన్యా నగరమున ప్రదర్శించిరి.

మారిన ముగింపు కృత్రిమమని విమర్శకులు పలువురు తలతురు. ఆజ్ఞచే చేర్చినదగుటచే అట్లు కనుపించుట సహజమే. అయినను ఎత్తిన పాదమును దింపుట తేలిక పని యని తలచువారు తమ పగను ఒక్క దినమైనను దింపిచూడవలెను. ఇక మొదటి ముగింపు మరియొక రీతిని మేలు చేయును. అందు పగ పూర్తిగా నెరవేరును, అడ్డుపడువారెవరును లేరు. తన చేతులు నరకబడిన చోటనే గబ్బరు నేలకొరుగును. ఇన్నేండ్లు కోరినది లభించినది. ఠాకూరు విజయోత్సాహముతో తలయెత్తడు. నిలువలేక కూలబడి వెక్కివెక్కి యేడ్చును. ఆ కన్నీటిని తుడుచుకొనుటకు అతనికి చేతులు లేవు.