పిల్లలకు స్మార్ట్ వాచీ కొనే ముందు తల్లులు చూసుకోవాల్సినవి

తల్లికి వందనం పథకం కింద 2025లో ఒక్కో విద్యార్థికి రూ.15,000 కేటాయించారు. అందులో రూ.2,000 పాఠశాల నిర్వహణకు పోగా, రూ.13,000 తల్లి ఖాతాలో జమ అయింది. డబ్బు పడగానే "స్మార్ట్ వాచీ కొనివ్వమ్మా, చదువుకు పనికొస్తుంది" అని పిల్లలు అడుగుతుంటారు. నిజంగా పనికొస్తుందా? కొనే ముందు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి.

1. చదువులో ఏ పనికి?
అలారం, టైమర్ వంటివాటికి వాచీ పనికొస్తుంది. పాఠం చదవడానికి, వీడియో చూడటానికి దాని తెర చాలదు. ఆ పనికి ఇంట్లో ఉన్న ఫోనే మేలు.

2. బడిలో పెట్టుకోనిస్తారా?
ముందే క్లాస్ టీచరును అడగండి. నీట్ పరీక్ష హాలులోకి మామూలు వాచీని కూడా రానివ్వరు. వాచీ కట్టుకున్నంత మాత్రాన హాజరు పడదు, బడిలో నమోదైన హాజరే లెక్క.

3. మొత్తం ఖర్చెంత?
సిమ్ ఉండే వాచీకి రీఛార్జ్ వేరుగా కట్టాలి. బెల్టు, ఛార్జర్ పాడైతే విడిగా దొరుకుతాయో లేదో షాపులోనే అడగండి.

4. పిల్లల వివరాలు ఎవరికి వెళ్తాయి?
జీపీఎస్, మైకు ఉన్న వాచీ పిల్లలు ఎక్కడున్నారో, ఏం మాట్లాడుతున్నారో బయటికి పంపగలదు. రహస్యంగా మాటలు వినే వీలున్న పిల్లల వాచీలను జర్మనీ 2017లో నిషేధించింది. మన దేశంలో 18 ఏళ్లలోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. యాప్ అడిగిన ప్రతిదానికీ "సరే" నొక్కకండి.

5. అంకెలు నమ్మొచ్చా?
వాచీ కింద వెలిగే పచ్చ లైటు నాడిని అంచనా వేస్తుంది. దాన్నిబట్టి చూపించే "ఒత్తిడి" అంకె, బిడ్డకు పాఠం అర్థమైందో లేదో చెప్పలేదు. అది తెలియాలంటే నోటు పుస్తకం తెరిచి చూడాలి, టీచరుతో మాట్లాడాలి.

ఎవరికి నిజంగా ఉపయోగం?
వినికిడి లోపం ఉన్న బిడ్డకు వణికే అలారం, చూపు లోపం ఉన్న బిడ్డకు సమయం పలికే వాచీ మంచి తోడు. సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉంటే, కొనే ముందు కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ పథకంలో ఏ ఉపకరణాలు ఇస్తారో కనుక్కోండి.

కొంటే మాత్రం బిల్లు, వారంటీ కార్డు తప్పక తీసుకోండి. వస్తువు పాడై షాపువాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మొదటి రెండు ప్రశ్నలకు సరైన జవాబు దొరక్కపోతే కొనకండి. ఆ డబ్బు పుస్తకాలకు, ఫీజుకు ఉంచండి.