భూగర్భమును చదివిన విదుషి

హైదరాబాదు నగరమునకు పడమటనున్న శేరిలింగంపల్లిని మీలో కొందరు చూచియుందురు. అచట మింటినంటు మేడల నడుమ నేటికిని పెద్దపెద్ద గుండ్లు, ఎవరో ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచియున్నవి. ఆ శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. 1974వ సంవత్సరమున స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము ఆ గుండ్ల నడుమనే వెలసినది. నేడచట బాలురతోపాటు బాలికలును భూమినిగూర్చిన శాస్త్రముల నభ్యసించుచున్నారు. ఒకనాడు ఇట్టి యవకాశము స్త్రీలకు సులభముగ లభించెడిది కాదు.

గుండును చేతితో తాకి చూడవచ్చును. కాని దాని క్రింద, మిక్కిలి లోతున, ఏమున్నది? నేలనుండి భూకేంద్రమునకు దూరము 6,371 కిలోమీటర్లు. రష్యాదేశమునందలి కోలా ద్వీపకల్పమున మానవుడు ఏండ్లతరబడి శ్రమించి తొలిచిన రంధ్రముయొక్క లోతు 12 కిలోమీటర్లు మాత్రమే. భూమి మామిడిపండైనచో మనము దాని తోలునైనను దాటలేదన్నమాట! అట్టిచో 5,000 కిలోమీటర్ల లోతున నున్నదానిని, నేలను త్రవ్వకయే కనుగొనిన స్త్రీ యొకతె కలదు. ఆమెయే ఇంగే లేమాన్.

ఇంగే 1888వ సంవత్సరము మే 13వ తేదీన డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగెన్ నగరమున జన్మించెను. ఆమె చదివిన పాఠశాలను హన్నా ఆడ్లర్ అను విదుషి నడపుచుండెను. ఆ బడిలో బాలురకును బాలికలకును పాఠము లొక్కటే, ఆట లొక్కటే. బుద్ధియందు ఆడ, మగ యను భేదము లేదని ఆమె చిన్ననాడే గ్రహించెను. లోకము మాత్రమట్లు తలంపదని పిమ్మట తెలిసికొని మిగుల వగచెను.

1907లో ఆమె కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయమున గణితము చదువనారంభించి, 1910లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జికి వెళ్లెను. అతిశ్రమచే ఆరోగ్యము చెడి, మరుసటి యేట ఇల్లు చేరెను. చదువు ఆగిపోయెను. కొన్ని యేండ్లు భీమాలెక్కలు కట్టు కార్యాలయమున ఉద్యోగము చేసెను. ఆ కాలము వృథా పోయినదని తలంపరాదు. అంకెలను ఓపికతో పరిశీలించు అలవాటు ఆమెకు అచటనే బలపడెను. 1918లో మరల విశ్వవిద్యాలయమున చేరి, 1920లో తన 32వ యేట పట్టము పొందెను.

1925లో ఆమె నోర్లుండ్ అను భూమాపన శాస్త్రజ్ఞునకు సహాయకురాలయ్యెను. భూకంపముల నమోదుచేయు యంత్రములను నెలకొల్పు పని ఆమెకు లభించెను. ఆమెతో పనిచేసిన ముగ్గురు యువకులు అంతకుముందు అట్టి యంత్రమును కంటితో చూచియెఱుగరు. పని చేయుచునే వారు నేర్చుకొనిరి. 1928లో ఆమె ప్రభుత్వ భూమాపన సంస్థయందు భూకంపశాఖకు అధిపతియై, 25 ఏండ్లు ఆ పదవిలో నుండెను.

సంతలో కుండను కొనువారు దానిని వ్రేలితో కొట్టి, ధ్వనినిబట్టి లోపమున్నదో లేదో తెలిసికొందురు కదా! భూకంపము భూమినట్లే మ్రోగించును. దాని తరంగములు భూగర్భమున పయనించి దూరదేశములను చేరును. అవి చేరిన సమయమునుబట్టి లోపలి స్వరూపమును ఊహింపవచ్చును. 1897లో అస్సామున సంభవించిన మహాభూకంపమును పరిశీలించిన ఓల్డ్‌హామ్ అను శాస్త్రజ్ఞుడే, 1906లో భూమికి కేంద్రమండల మొకటి కలదని చూపెను. అది ద్రవమని 1926లో జెఫ్రీస్ అను పండితుడు నిర్ణయించెను. తరంగములు ఆ ద్రవమున ప్రవేశించి వంగుటచే, భూమిపై కొంతమేర వానికి అందని ‘నీడ’ ప్రాంతమేర్పడును.

1929 జూన్ 17న న్యూజిలాండునందలి మర్చిసన్ వద్ద గొప్ప భూకంపము కలిగెను. నీడ ప్రాంతమునకు చెందిన కేంద్రములందును తరంగములు నమోదగుట ఇంగే గమనించెను. అవి అంచున వంగి వచ్చినవని ఇతరులు సరిపుచ్చుకొనిరి. ఆ సమాధానము ఆమెకు తృప్తి నీయలేదు. కంప్యూటరులు లేని కాలమది. ఓట్ల అటుకులు వచ్చు అట్టపెట్టెలలో చీటీలు పేర్చి, ఒక్కొక్క భూకంపముయొక్క కాలమును వానిపై వ్రాసికొని, తన తోటలో బల్లముందు కూర్చుండి ఆమె లెక్కలు కట్టెడిది. ద్రవములోపల మఱియొక గోళమున్నచో, దానిచే త్రోవ మరలిన తరంగములు నీడలో పడునని ఆమెకు తోచెను. లెక్క సరిపోయెను. 1936లో ఆమె ప్రకటించిన వ్యాసముయొక్క శీర్షిక ఒక్క అక్షరము మాత్రమే. అందలి విషయము మాత్రము భూగోళమంత పెద్దది! కొలది యేండ్లలో పండితులు దాని నంగీకరించిరి. ఆ లోపలి గోళము ఘనరూపముననున్నదని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

ఇంతటి ఘనతగల ఆమె పేరు 1952లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ ఆచార్యపదవికి పరిశీలింపబడెను గాని, ఆ పదవి ఆమెకు దక్కలేదు. అంతమాత్రమున ఆమె కలత చెంది కలము విడువలేదు. 1953లో ఉద్యోగము విరమించి, అమెరికాదేశపు శాస్త్రజ్ఞులతో కలిసి పనిచేసి, సుమారు 220 కిలోమీటర్ల లోతున తరంగముల వేగము మాఱు హద్దునొకదానిని గుర్తించెను. అది నేడు ఆమె పేరనే వ్యవహరింపబడుచున్నది. 1969లో లండను రాయల్ సొసైటీ ఆమెను విదేశ సభ్యురాలిగ నెన్నుకొనెను. 1971లో అమెరికా భూభౌతిక సమాజమువారి బోవీ పతకమును పొందిన తొలి మహిళ ఆమెయే. 104 ఏండ్లు జీవించి, 1993 ఫిబ్రవరిలో ఆమె కన్నుమూసెను.

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయమున ములుగు ప్రాంతమున కలిగిన భూకంపము హైదరాబాదువరకు తెలియవచ్చినది. ఆ క్షణమున జనులు భయపడిరి, యంత్రములు వ్రాసికొనినవి. ఆ వ్రాతను చదువుటకు ఓర్పుగల కన్నులు కావలెను. అవి బాలునివా, బాలికవా యని భూమి యడుగదు.